మా తాత ముఖం రంగు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా తాత నిజంగానే వేరే గ్రహం నుంచి వచ్చాడని చిన్నప్పుడు చాలా కాలం నమ్మాను. అమ్మకు చెప్పలేదు. బడిలో నా పక్కన కూర్చునే పిల్లకు చెప్పలేదు. పదో తరగతి నుంచి రోజూ డైరీ రాస్తున్నాను, అందులోనూ రాయలేదు.

దానికి మా అమ్మే కారణం. ఒక ఎండాకాలం సెలవుల్లో అశ్వారావుపేట అవతల ఉన్న అమ్మమ్మ వాళ్ళ ఊరికి బస్సులో పోతున్నాం. టికెట్లు కొట్టే ఆయన అమ్మను గుర్తుపట్టి, "వేరే గ్రహం నుంచి వచ్చినాయన బిడ్డవు గదా చెల్లె?" అన్నాడు. అమ్మ నవ్వి, "అవ్ అన్నా" అని చిల్లర అందుకుంది. నేను కిటికీ పక్కన కూర్చుని విన్నాను. ఇద్దరు పెద్దవాళ్ళు అంత మామూలుగా మాట్లాడుకున్న విషయాన్ని అనుమానించాలని నాకు తోచలేదు.

ఆ సెలవులంతా తాతను కనిపెట్టి చూశాను. సాక్ష్యాలు దొరికాయి. వాన మొదలైతే ఇంట్లో అందరూ ఆరేసిన బట్టలు, ఎండబెట్టిన మిరపకాయలు లోపలికి తెచ్చే హడావుడిలో ఉండేవారు. ఆయన మాత్రం వాకిట్లో నిలబడి, అరచేయి చాచి, అందులో పడే చినుకులను చూసేవాడు. తాటిముంజ ఇస్తే తినే ముందు వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసేవాడు. మేకపిల్ల ఎదురొస్తే పక్కకు జరిగి దానికి దారి ఇచ్చేవాడు. అన్నం తినేటప్పుడు ఒక్క మాట మాట్లాడేవాడు కాదు.

నేనూ ఎవరితో మాట్లాడలేకపోయేదాన్ని. చుట్టాలు వస్తే తలుపు వెనక్కి పోయేదాన్ని. "దీనికి ఇంత సిగ్గేంది?" అని అందరూ అనేవారు. ఇది మా తాత గ్రహం నుంచి నాకు వచ్చిందని అర్థమయ్యాక ఎంత నిమ్మళంగా అనిపించిందో చెప్పలేను. నాది సిగ్గు కాదు. అక్కడివాళ్ళు అంతే.

నిజం తెలిసేసరికి హైస్కూలుకు వచ్చాను. నిజం కూడా తక్కువదేమీ కాదు.

మా తాత బస్సు కండక్టర్. సత్తుపల్లి నుంచి అడవిలోంచి భద్రాచలం పోయే బస్సు ఆయనది. ఊళ్ళో చర్చివాళ్ళు వేసే క్రిస్మస్ నాటకంలో తూర్పు దేశపు జ్ఞాని వేషం కూడా ఏటా ఆయనదే. మనిషి పొడుగు, మెడ ఇంకా పొడుగు. పసిబిడ్డ ముందు నిలబడి రెప్ప వేయకుండా ఎంతసేపైనా చూడగలడు. ఆ వేషానికి కావలసింది అంతే కాబట్టి, ఇంకెవరూ పోటీకి వచ్చేవారు కాదు.

అప్పట్లో హైదరాబాద్ నుంచి ఒక టీవీ సీరియల్ తీసేవాళ్ళు వచ్చి అడవి అంచున ఉన్న గెస్ట్‌హౌస్‌లో దిగారు. నీళ్ళన్నీ ఎండిపోయిన గ్రహం నుంచి ఒకడు వాన ఎలా ఉంటుందో చూడటానికి మన దగ్గరికి వస్తాడు. అదీ కథ. ఆ వేషం వేయవలసిన నటుడికి వచ్చీ రాగానే మలేరియా పట్టుకుంది. అతన్ని దవాఖానాకు తీసుకుపోవడానికి డైరెక్టర్ రోడ్డు మీద నిలబడి ఆపిన బస్సు మా తాతది. జ్వరంతో వణుకుతున్న మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టారు. రోడ్డంతా గుంతలు. జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. మా తాత మాత్రం ఏ కడ్డీ పట్టుకోకుండా, మధ్యలో నిటారుగా నిలబడి టికెట్లు కొడుతున్నాడట. దారి పొడుగునా డైరెక్టర్ ఆయన్నే చూస్తూ కూర్చున్నాడు. భద్రాచలంలో దిగేటప్పుడు అడిగాడు.

ఈ భాగం అమ్మమ్మ చెప్తేనే బాగుంటుంది. "ఏమడిగిండో తెల్సా? యాక్టింగ్ వస్తదా అని అడగలే. నీకు సెలవు దొరుకుతదా అని అడిగిండు. ఈయనేమో, సెలవులు మస్తుగున్నయి సార్, ఎన్నడు వాడుకోలే అన్నడు. గంతే, యాక్టర్ అయిపోయిండు."

డైరెక్టర్ తాతకు నేర్పింది ఒక్కటే. నువ్వు ప్రతిదాన్నీ మొదటిసారి చూస్తున్నావు, ముఖంలో ఇంకేమీ పెట్టకు అన్నాడట. చెంబు, ఎద్దు, వేపచెట్టు, ఏడుస్తున్న పిల్ల, ఏదైనా సరే. సీరియల్ అయిపోయినా తాత ఆ అలవాటు మానలేదు. నేను చిన్నప్పుడు పోగేసుకున్న సాక్ష్యాలన్నీ దానివే.

సీరియల్ ఆదివారం పొద్దున వచ్చేది. ఊళ్ళో టీవీ ఒక్క పాస్టరు గారి ఇంట్లోనే ఉండేది, అది కూడా నలుపు తెలుపుది. చర్చికి ఆనుకునే ఆయన ఇల్లు. మొదటి ఆదివారం ఆరాధన జరుగుతుండగానే జనం ఒక్కొక్కరే లేచి ఆ అరుగు మీదికి పోయారు. పాస్టరు గారు ప్రసంగం మధ్యలో తలెత్తి చూస్తే ముందు వరసలో వాళ్ళావిడ కూడా లేదట. ఆయన మంచివాడు, లోకం తెలిసినవాడు. మరుసటి వారం నుంచి ఆరాధన పదిన్నరకు మార్చాడు. సీరియల్ అయిపోయింది, ఆయన బదిలీ అయి పోయాడు, టైము మాత్రం వెనక్కి రాలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో తొమ్మిదిన్నరకే మొదలుపెడతారు. ఇక్కడెందుకు ఆలస్యమని కొత్తవాళ్ళు అడిగితే, అడవి పక్కన కదా, చలికాలం మంచు అని ఒకరు, బస్సు టైమని ఒకరు చెప్తుంటారు.

ఆ తర్వాత తాత వేషాల కోసం హైదరాబాద్ పోయి వచ్చాడు. పోలీసు అధికారి వెనక నిలబడే కానిస్టేబుల్ వేషం ఒకటి దొరికింది. అక్కడ ఆయన అవసరానికి మించి కదలకుండా నిలబడ్డాడని, చూసేవాళ్ళ కళ్ళు ఆయన మీదికే పోతున్నాయని వద్దన్నారట. ఇది చెప్పి తానే నవ్వేవాడు. మళ్ళీ బస్సెక్కాడు. బాధపడ్డట్టు ఎవరికీ గుర్తు లేదు. బస్సులో ఆయనకు కావలసినంత గుర్తింపు ఉండేది. చిల్లర లేదంటే, "మీ గ్రహంల గూడ ఉండదా చిల్లర?" అనేవారు. తొలకరి వాన అడవిలో పట్టుకుంటే డ్రైవర్ తనంతట తానే బస్సు పక్కకు ఆపేవాడు. "దిగు బావా, సూసుకోపో" అనేవాడు. తాత దిగి అరచేయి చాచేవాడు. ప్రయాణికులు కిటికీల్లోంచి చూసేవారు. జల్దీ పోవాలని గొడవ పెట్టినవాళ్ళు లేరంటారు. నేను నమ్ముతాను.

తాత పోయినేడు పోయాడు. ఎక్కువ బాధ పడకుండా, మధ్యాహ్నం నిద్రలో.

మా వాళ్ళలో మనిషి పోతే సమాధి చేసే రోజు ఒక కాగితం చదువుతారు. దాన్ని జీవిత చరిత్ర అంటారు. పుట్టుక, బాప్తిస్మం, పెళ్ళి, ఉద్యోగం, సంతానం, ప్రభువునందు నిద్రించిన రోజు. దాదాపు అందరిదీ ఒక్కలాగే ఉంటుంది. తాతది మామ రాశాడు, మామే చదివాడు. అందులో సీరియల్ మాట లేదు. మామకు అప్పుడు ఏడుపు తన్నుకొస్తోంది కాబట్టి మరిచిపోయాడేమో అనుకున్నాను.

ఈ ఏడు జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. దానికి మళ్ళీ జీవిత చరిత్ర చదవాలి. నేను ఖమ్మంలో ఒక రక్తపరీక్షల సెంటర్లో రిపోర్టులు టైపు చేస్తాను. రెండు రోజులు ముందే రమ్మని అమ్మమ్మ ఫోన్ చేసింది. పోయి బ్యాగు కింద పెట్టీ పెట్టకముందే చెప్పింది.

"ఈసారి నువ్వు రాయాలె. నువ్వే చదవాలె."

"రాస్తా అమ్మమ్మా. చదవడం మామతో..."

"మీ మామ చదివింది కండక్టర్ చరిత్ర. అసొంటోళ్ళు డిపో నిండ ఉన్నరు. నాకు నా మనిషి చరిత్ర కావాలె. సీరియల్ యాడ దొరకదంటున్నరు గదా."

అది నిజం. తెలిసినవాళ్ళ ద్వారా అమ్మ ఆరా తీయిస్తే, ఆ రోజుల్లో టేపులు చెరిపి మళ్ళీ వాడుకునేవారని తేలింది. ఆ వేషంలో తాత ఫోటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు.

"చూసినోళ్ళు ఎంతమంది మిగిలిన్రు బిడ్డా? మేము నలుగురం ముసలోళ్ళం గూడ పోతే, ఇగ ఆయన గట్ల చేసిండని చెప్పేటోళ్ళెవరు? మన చర్చిల అందరి ముంగట ఒక్కసారి చదివితె, పిల్లలన్న వింటరు."

మామ అప్పుడే పామాయిల్ తోట నుంచి వచ్చి బండి స్టాండు వేస్తున్నాడు. విన్నాడు.

"గుడిల వేరే గ్రహపోని ముచ్చట చెప్తమా? పాస్టరు అయ్యగారు ఏమనుకుంటడమ్మా?"

"అయ్యగారు ఏమనుకోడు. నువ్వేమనుకుంటున్నవో చెప్పు."

"నవ్వుతరు. నాయిన పేరు చెప్పి గుడిల నవ్వుతరు." మామ కాళ్ళు కడుక్కుంటూ కడుక్కుంటూ ఆగిపోయాడు. "బళ్ళె నన్ను పేరు పెట్టి పిలిచినోడు ఉన్నడా? గ్రహంగాని కొడుకు, గ్రహంగాని కొడుకు. లెక్కల సారు గూడ! తప్పు చేస్తే, మీ గ్రహంల రెండు రెండ్లు ఎంతరా అనేటోడు."

నాకు నవ్వు ఆగలేదు. అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ మా ఇద్దరినీ చూసి, "చూసినవా? ఇంట్లనే గిట్లున్నది" అని చెంబు నేల మీద పెట్టాడు. "మీ ఇష్టం. నన్ను మాత్రం ముంగటికి పిలవకున్రి."

ఆ రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. రాయడం నాకు కష్టం కాదు. రాసింది పట్టుకుని మనుషుల ముందు నిలబడటమే కష్టం. కాలేజీలో నా సెమినార్ నా స్నేహితురాలు చదివింది. పుట్టినరోజు కేకు కోసేటప్పుడు కూడా నేను ఎవరి వైపూ చూడను. వద్దని చెప్పాలని వంటింట్లోకి పోయేదాన్ని. అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని, కూడికకు వచ్చేవాళ్ళ కోసం బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "అయిందా?" అని తలెత్తేది. "అయిపోవస్తుంది" అని వెనక్కి వచ్చేదాన్ని.

కూడిక రోజు చర్చి నిండింది. పాటలు, ప్రార్థన అయ్యాక పాస్టరు గారు నన్ను పిలిచారు. ఇప్పటి పాస్టరు గారు కుర్రవాడు, తల్లాడ వైపు నుంచి కొత్తగా వచ్చాడు. నేను ముందుకు పోయి కాగితం ముఖానికి అడ్డంగా పట్టుకున్నాను. అమ్మమ్మ ముందు వరసలో కింద చాప మీద కూర్చుంది, పక్కన అమ్మ. మామ లోపలికే రాలేదు. భోజనాల పని ఉందని వాకిలి దగ్గర నిలబడ్డాడు.

పుట్టుక, బాప్తిస్మం, పెళ్ళి గడిచాయి. "కొంచెం గట్టిగ బిడ్డా" అని వెనక నుంచి ఎవరో అన్నారు. గట్టిగా అనుకునే చదువుతున్నాను. బస్సు, జ్వరం వచ్చిన నటుడు, డైరెక్టర్ వచ్చారు. ఆరాధన టైము పదిన్నరకు ఎందుకు మారిందో చదివాను. పాస్టరు గారు కుర్చీలోంచి ముందుకు వంగి, "నేను మంచు వల్ల అనుకుంటున్ననే!" అన్నారు. ఆయనే ముందు నవ్వారు. జనం కూడా నవ్వారు. నేను కాగితం అంచు మీదుగా వాకిలి వైపు చూశాను. మామ తల వంచుకుని చెప్పు కొనతో నేల గీస్తున్నాడు.

ఇక చదవలేకపోయాను. తర్వాతి వాక్యం, "ముఖానికి రంగు పూసుకుని, తలకు వెండి కాగితం చుట్టుకుని ఆయన వాగులోంచి నడిచి వచ్చిన తీరు చూసినవారు నేటికీ మరువలేదు." అంతవరకు చదివానో లేదో నాకే తెలియదు. అక్షరాలు కనిపిస్తున్నాయి, గొంతు రావడం లేదు. అమ్మమ్మ నన్నే చూస్తోంది. ఆమె పెదాలు కదులుతున్నాయి, నాకు మాట అందిస్తున్నట్టు.

అంతలో మూడో వరసలో ఒక ముసలామె లేచింది. మా అమ్మమ్మకు వదిన వరస. "రంగు పూసుకొని అంటివి. ఏం రంగో చెప్పకపోతివి?"

నేను రాయలేదు. నాకు తోచనే లేదు.

"ఆకుపచ్చ" అని ఆమే చెప్పింది.

"ఆకుపచ్చ యాడిది? వెండి రంగు. నేను అరుగు మీద ముంగటనే కూసున్న" అంది పక్కనున్న ఇంకో ఆమె.

"వెండిది తలకు. మొఖం పచ్చన."

"నలుపు తెలుపు టీవీల నీకు పచ్చ యాడ కనపడ్డదే?"

"నాకు కనపడ్డది! నీకు అప్పుడు గూడ కండ్లు సక్కగ లెవ్వు."

చర్చి అంతా రెండుగా చీలింది. చూసినవాళ్ళు నలుగురే మిగిలారని అమ్మమ్మ అనుకుంది గానీ, అంతకంటే ఎక్కువమందే ఉన్నారు. గులాబీ రంగని ఒక పెద్దాయన అన్నాడు, ఆయన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలు మోకాళ్ళ మీద లేచి, మాట్లాడేవాళ్ళ వైపు తలలు తిప్పుతున్నారు. పాస్టరు గారు ఆపలేదు. చివరికి అందరూ అమ్మమ్మ వైపు తిరిగారు. అమ్మమ్మ చెప్పడానికి నోరు తెరిచింది.

"నీలం."

వాకిలి దగ్గర నుంచి. మామ.

"నీలం. నాకు తెల్సు" అని రెండడుగులు లోపలికి వచ్చాడు. "షూటింగ్ అయినంక బావికాడ నేనే కడిగేటోన్ని. కొబ్బరినూనె గుడ్డ పెట్టి రుద్దేటోన్ని. చెవుల ఎనక పోకపోయేది. మెడ మీద గూడ. నీలం గట్లనే ఉండేది, షూటింగ్ లేని నాడు గట్లనే డ్యూటీకి పోయేటోడు. నేను రుద్దుతుంటే కదలకపోయేటోడు. ఇది గూడ ప్రాక్టీసే కొడకా అనేటోడు. నేను చంకల కింద చక్కిలిగిలి పెట్టేటోన్ని." మామ ఆగాడు. "అయినా కదలకపోయేటోడు. ఎంత పెట్టినా. నేనే నవ్వి నవ్వి కింద పడేటోన్ని."

ఈసారి చర్చి అంతా నవ్వింది. మామ భయపడిన నవ్వే అది. ఆయన కూడా నవ్వుతున్నాడు, భుజం మీద తువ్వాలతో ముఖం తుడుచుకుంటున్నాడు. ఆ తువ్వాల కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది. అమ్మమ్మ తెరిచిన నోరు మూసుకుంది. కొడుకునే చూస్తూ కూర్చుంది.

మిగిలింది చదివాను. ఎలా చదివానో గుర్తు లేదు గానీ, వెనక నుంచి ఎవరూ గట్టిగా చదవమని అనలేదు.

బయట షామియానా కింద భోజనాలు. కోడికూర, సాంబారు, పెరుగన్నం. మామ గిన్నె పట్టుకుని వడ్డిస్తూ వరస వరసకూ ఆగుతున్నాడు. చక్కిలిగిలి ముచ్చట మళ్ళీ మొదటి నుంచి చెప్తున్నాడు. పిల్లలు ఆయన వెంట తిరుగుతున్నారు. నా దగ్గరికి వచ్చినప్పుడు ఒక ముక్క ఎక్కువ వేసి, "మంచిగ టైపు చేసి పంపు. లామినేషన్ చేయించి గోడకు పెడత. నీలం అని రాయి, మరువకు" అన్నాడు.

విస్తరి పట్టుకుని అమ్మమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె నెమ్మదిగా తింటోంది. ముఖం తేటగా ఉంది. ఇందాక చర్చిలో ఆమె ఏదో చెప్పబోయి ఆగిపోవడం నేను చూశాను. అందుకే అడిగాను. "అమ్మమ్మా, నీలం అనే రాయాల్నా?"

అమ్మమ్మ అటూ ఇటూ చూసి నా వైపు వంగింది.

"ఆకుపచ్చనే బిడ్డా. వాళ్ళు తెచ్చిన రంగు ఒడిసిపోతే, బట్టలకేసే నీలిమందుల పసుపు కలిపి ఇచ్చింది నేనే గదా. నూనె పెట్టి రుద్దితె పసుపు పోయేది, నీలం మిగిలేది. వాడు చూసింది గదే. నీలమనే రాయి."